సోలో వయొలిన్ కచేరీకి ముందు పక్కవాద్యం తప్పనిసరా? ద్వారం వారి దారిపై చర్చ

మంద్రపంచమం:
ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాతికేళ్ల ప్రాయంలో, 1919లో, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు. తొలి సోలో కచేరీ 1938లో, వేలూరులో. నడుమ 19 ఏళ్లు పాఠాలు, పెద్ద గాయకుల పక్కన కచేరీలు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు. ఈ క్రమాన్ని చూపించి చాలామంది గురువులు ‘పదేళ్లు పక్కవాద్యం (గాయకుడి వెంట వాయించడం) చేశాకే సోలో’ అంటారు. అది ఆనాటి వేదిక తీరు మాత్రమే, సాధనకు సూత్రం కాదని నా వాదన. వయొలిన్ గాత్రానికి తోడుగానే ఉండాలనుకునే రోజులవి. సోలోకు అడిగేవాళ్లే తక్కువ.

పైగా పక్కవాద్యం కమాను (వయొలిన్ విల్లు) లాగుడును కురచ చేస్తుంది. గాయకుడి సంచారం (స్వరాల నడక) తోకపట్టుకుని వెళ్లాలి కనుక చెయ్యి ఎప్పుడూ కమాను మధ్య మూడోవంతులోనే ఆడుతుంది, నాదం తగ్గించి పెట్టడమే అలవాటవుతుంది. అలాంటి చేతికి రెండు గంటల సోలో ఇస్తే అరగంటకే వినేవారికి అంతా ఒకే రంగులో వినిపిస్తుంది.

ఎడుపు:
ఒప్పుకోనండి. పక్కవాద్యం నేర్పేది ఇంట్లో కూర్చుని నేర్చుకోలేనిది. నెరవులో, అంటే ఒకే సాహిత్యపు ముక్కను రకరకాలుగా పాడేటప్పుడు, గాయకుడు సాహిత్యపు ముక్కను ఏ అక్షరం మీద ఎత్తుకున్నాడో మీరూ అక్కడే దిగాలి. సమం (తాళం మొదటి దెబ్బ) తర్వాత తాళపు లెక్కలో ముప్పావు అక్షరానికి ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) ఉంటే, మృదంగం ఎటు తోసినా ఆ ముప్పావు జారకూడదు. సోలోలో తప్పు దొర్లితే సంగతి (స్వరాల అల్లిక) మార్చి సర్దుకోవచ్చు, పక్కన కూర్చుంటే ఆ వెసులుబాటు లేదు. తిన్నగా సోలోకు వచ్చినవాళ్లలో నాకు తరచూ వినిపించే లోపం ఇదే: వేలు వేగంగా పోతుంది, సాహిత్యం మాత్రం వినపడదు.

కమానుకొన:
సాహిత్యం వినపడకపోవడానికి కారణం వేళ్లలో లేదు, కమానులో ఉంది. ‘రామ’ అనే మాటే తీసుకోండి. ‘రా’ దీర్ఘం ఒక కమానులో సాగాలి, ‘మ’ దగ్గర కమాను తిరగాలి. రెండూ ఒకే కమానులో కలిపేస్తే మాట కరిగిపోతుంది. ‘రా’ మధ్యలో గమకం (స్వరాన్ని ఊపడం) కోసం కమాను తిప్పితే మాట రెండు ముక్కలవుతుంది. అందుకే కృతిని ముందు నోటితో పాడి, అక్షరం మారే చోటల్లా కాగితం మీద గీత పెట్టుకుని, ఆ తర్వాతే వాయిద్యం పట్టాలి.

ఇక పొడుగు కమాను. వెంట్రుక పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. నిమిషానికి 60 తాళాక్షరాల వేగంలో మధ్య స్థాయి షడ్జమం (‘స’) మీద ఒక కమానుకు 8 అక్షరాలు, కుదిరాక 16. చెయ్యిపట్టు దగ్గర కమాను బరువే ఎక్కువ, కొనకు వచ్చేసరికి అది పోతుంది. ఆ లోటు చూపుడువేలి ఒత్తిడితో పూడ్చకపోతే స్వరం చివర ఊపిరి ఆగినట్టు సన్నబడుతుంది. నెమ్మదిగా లాగుతూ బలంగా ఒత్తాలంటే బ్రిడ్జికి దగ్గరగా జరగాలి. ఫింగర్‌బోర్డు వైపు ఉండి అంతే ఒత్తితే గీరుడు శబ్దమే వస్తుంది. ద్వారం వారి వాయింపులో జనం మెచ్చిన ఆ మెత్తని నిండుదనం ఈ పొడుగు కమాను మీదే నిలిచింది. మరో వయొలిన్ విద్వాంసులు మైసూరు చౌడయ్య గారు నాదం పెంచడానికి ఏడు తీగల వయొలిన్ కట్టుకుంటే, ద్వారం వారు నాలుగు తీగలతోనే సభను కట్టిపడేశారు. ఇద్దరూ పక్కవాద్యంలో దిట్టలే కాబట్టి పక్కవాద్యం చేస్తే చెయ్యి పాడైపోతుందన్న మాట నిలవదు.

శ్రుతిపెట్టె:
ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది: శ్రుతి, అంటే ‘స’ను ఏ ఎత్తులో పెట్టుకున్నామన్నది. సోలోలో శ్రుతి మీ ఇష్టం, పక్కవాద్యంలో గాయకుడి ఇష్టం. ఐదు శ్రుతిలో (ఎత్తు శ్రుతి) పాడే గాయనికి కట్టిన తీగలనే ఒకటి శ్రుతికి (తగ్గు శ్రుతి) దించితే బిగి సగానికన్నా తగ్గుతుంది. తీగ వదులై, కమాను ఒత్తగానే పక్కకు జారి, స్వరం ఎత్తుగడలో వంకర పోతుంది. గట్టిగా లాగితే ఇంకా చెడుతుంది. మందం తీగలు వేరుగా కట్టిన రెండో వయొలిన్ ఉంచుకోవడమే మార్గం. నేర్చుకునే పిల్లలు ఈ సంగతి తెలియక, తగ్గు శ్రుతి కచేరీలలో నెలల తరబడి ఒత్తి ఒత్తి కమాను చేతిని బిగించేసుకుంటారు. మంద్రపంచమం గారు చెప్పిన కురచ కమానుకు సగం కారణం ఇదే.

మంద్రపంచమం:
తీగల మాట నిజమండి, ఆ కోణం నేను చూడలేదు. చౌడయ్య గారి ఉదాహరణకూ జవాబు లేదు, ‘చెయ్యి పాడవుతుంది’ అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పదేళ్ల షరతుకు మాత్రం ఒప్పుకోను. వర్ణాలు (సాధనకు మొదట నేర్పే రచనలు) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, నిలబడ్డాక వారంలో రెండు రోజులు గాత్రం వెంట, మిగతా రోజులు పొడుగు కమానుతో రాగాలాపన ఎందుకు కూడదు?

ఎడుపు:
రెండు రోజులైనా వేర్వేరు గాయకుల పక్కన అయితే సరే. ఒక్కరి వెంటే వాయిస్తే వారి ఎడుపులే ఒంటబడతాయి, కొత్త గొంతు దగ్గర చెయ్యి తడబడుతుంది.