ఇలిజరోవ్ రింగులు వేసి రెండో నెల, ఇంకా రెండు ఆపరేషన్లు ఉన్నాయి. ఈ మధ్య రోజులు ఎలా గడిపారు?

కుడికాలు_తెనాలి:
నాకు 31. తొమ్మిది నెలల కింద బండి మీద వెళ్తుంటే లారీ గుద్దింది, మోకాలి కింద ఎముక విరిగి బయటికొచ్చింది. మొదట కడిగి బయట రాడ్డు బిగించారు, తర్వాత లోపల రాడ్డు వేశారు, దానికి చీము పట్టింది, దాన్ని తీసేసి కడిగారు, చివరికి పాడైన ఎముక నాలుగు సెంటీమీటర్లు కోసి, ఎముకకి తీగలు గుచ్చి కాలి చుట్టూ బయట బిగించే ఈ రింగులు వేశారు, వాటి నట్లు రోజూ కొద్దికొద్దిగా తిప్పితే ఎముక జరిగి ఆ ఖాళీ నిండుతుందట. అంటే నాలుగు అయ్యాయి. ఎముక జరిగి కలిసే చోట తుంటి నుంచి కొంచెం ఎముక తీసి పెట్టాలట, ఆ తర్వాత రింగులు తీయడానికి ఇంకోటి.

నొప్పి సంగతి అడగట్లేదు. ఆపరేషన్ అప్పుడు హడావుడి ఉంటుంది, పది మంది ఉంటారు, ఎలాగో గడిచిపోతుంది. ఇంటికొచ్చాకే నరకం. ఫ్యాన్ చూస్తూ పడుకోవడం, వచ్చినవాళ్లంతా దుప్పటి ఎత్తి కాలు చూసి “అయ్యో, మొదటే పుత్తూరు తీసుకెళ్లాల్సింది” అనడం. గుడ్డు తింటే, పప్పు తింటే చీము పడుతుందని అమ్మ అవి రెండూ మానిపించింది. ప్రతిసారీ “ఇదే ఆఖరిది” అనుకునే లోపలికి వెళ్లాను. ఇక ఐదోదాన్ని ఏమని నమ్మాలి?

పదో_నంబర్_స్పానర్:
తమ్ముడూ, నాకు రింగులు 11 నెలలు ఉన్నాయి, నాదీ చీము కేసే. “ఆఖరిది” అనే మాట మానెయ్. నేను మూడోదాని తర్వాత డాక్టర్‌ని అలా అడగడమే మానేసి, “వచ్చే ఎక్స్‌రేలో ఏం కనిపిస్తే ముందుకెళ్తాం?” అని అడగడం మొదలుపెట్టాను. దానికి ఆయన దగ్గర జవాబు ఉంది, పాత ప్రశ్నకి లేదు.

నట్టు ఎవరు తిప్పుతున్నారు? మాకు నాన్న. రోజుకి ఒక మిల్లీమీటరు, దాన్ని నాలుగు సార్లుగా పావు పావు, పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పన్నెండు. ఎక్కడిదాకా తిప్పామో మర్చిపోకుండా నట్టు మీద చెల్లి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది. కళ్లజోడు పెట్టుకుని, స్పానర్ పట్టుకుని ఆ చుక్కనే చూస్తూ తిప్పేవాడు, తిప్పినంతసేపూ ఊపిరి బిగబట్టి, నేను కాదు, ఆయన. నీది నాలుగు సెంటీమీటర్లంటే తిప్పడం నలభై రోజుల్లో అయిపోతుంది, కానీ కొత్త ఎముక గట్టిపడటానికి సెంటీమీటరుకి నెలో నెలన్నరో పడుతుంది, ఆ లెక్క ముందే మనసులో పెట్టుకో. నాకెవరూ చెప్పలేదు, తిప్పడం అయిపోగానే రింగులు తీస్తారనుకుని స్వీట్లు కూడా తెప్పించా.

లుంగీయే హాయి. బయటికెళ్లడానికి పాత ట్రాక్ ప్యాంటు పక్క కుట్టు విప్పించి వెల్క్రో వేయించుకో. పుత్తూరు కట్టు గొడవ పట్టించుకోకు, ఎముక బయటికొచ్చి చీము పట్టిన కాలికి కట్టు ఏం చేస్తుంది? సిగరెట్ ఉంటే మాత్రం మానెయ్, ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది.

ఫిజియో_అక్క:
గుడ్డు, పప్పు మానేస్తే పుండు మానడానికి, ఎముక కట్టడానికి కావలసిన ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? చీము వచ్చేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. వేరే జబ్బేదీ లేకపోతే రెండూ తినండి, అమ్మగారికి మీ డాక్టర్ చేతే చెప్పించండి.

నాకు అసలు భయం మీ పాదం గురించి. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటారు, నెల తిరిగేసరికి మోకాలు వంగి బిగుసుకుపోతుంది, పాదం కిందికి వాలి మడమ నేలకి ఆనదు. దిండు మడమ కింద పెట్టండి. పాదానికి తువ్వాలు వేసి మీ వైపు లాగి పట్టుకోండి, రోజుకి చాలాసార్లు. ఈ రింగులతో బరువు వేసి నడవొచ్చు, కానీ ఎంత అనేది మీ సర్జన్ చెప్పినంతే. తీగల దగ్గర పల్చగా నీరు కారితే కంగారు వద్దు. చుట్టూ ఎర్రబడి, నొప్పి పెరిగి, చిక్కటి చీము వచ్చినా, జ్వరం వచ్చినా అదే రోజు వెళ్లండి, రివ్యూ తేదీ దాకా ఆగొద్దు.

ఆయన_భార్యని:
మా ఆయనకి ఆరు అయ్యాయి. అందరూ ఓపిక పట్టమంటారు గానీ, ఓపిక పట్టేది పేషెంట్ ఒక్కడే కాదు. మూడో నెలలో ఈయన మాట్లాడటం మానేశారు, గోడ వైపు తిరిగి పడుకునేవారు. నేను కాలు గురించే అనుకున్నా. ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను, అది టెలీమానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ముందు నేనే ఏడ్చాను, తర్వాత ఆయనా మాట్లాడారు. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా సిగ్గు పడకుండా చెయ్యండి. ఇంకోటి, చూడటానికి వచ్చేవాళ్లకి సాయంత్రం ఐదు నుంచి ఆరు అని చెప్పేశాం. ఇద్దరు అలిగారు. అలగనీ.

కుడికాలు_తెనాలి:
దిండు మోకాలి కిందే ఉంది అక్కా, ఇప్పుడే తీశా. అమ్మకి అంతా చదివి వినిపించాను. గుడ్డుకి ఇంకా ఒప్పుకోలేదు, పెసరపప్పు అయితే చేస్తానంది. నెయిల్ పాలిష్ కోసం పక్కింటి పాపని అడిగితే గులాబీ రంగుదే ఉందట, అదే పెట్టాం. రాత్రి పన్నెండు గంటల తిప్పుడు అయింది, పడుకుంటా.