గంటల్ని నెలల్లోకి మార్చాలంటే 720తో భాగించాలా, 730తోనా?

అందరికీ నమస్కారం, చిన్న లెక్కే కానీ పొద్దున్నుంచి నా బుర్ర తినేస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక హార్డ్ డిస్క్ తీసుకున్నాను, చెక్ చేస్తే పవర్ ఆన్ అవర్స్ (అంటే ఇప్పటిదాకా ఆన్‌లో ఉన్న గంటలు) 21,437 అని చూపిస్తోంది. ఇది ఎన్నాళ్లు నడిచినట్టో సంవత్సరాలు, నెలలు, రోజుల్లో తెలుసుకుందామని కూర్చున్నా.

రోజుల దాకా ఏ గొడవా లేదు, 24తో భాగిస్తే 893 రోజుల 5 గంటలు. అసలు తంటా నెలల దగ్గరే. నెలకి 30 రోజులు, అంటే 720 గంటలు వేసుకుంటే 29 నెలల 23 రోజులు, అంటే 2 సంవత్సరాల 5 నెలల 23 రోజులు వస్తోంది. అలా కాకుండా ముందు సంవత్సరానికి 8,760 గంటల చొప్పున రెండేళ్లు తీసేసి, మిగిలిన 163 రోజుల్ని 30తో భాగిస్తే 2 సంవత్సరాల 5 నెలల 13 రోజులే! పది రోజులు ఎక్కడికి పోయాయా అని చాలాసేపు చూశాక వెలిగింది, 30 రోజుల నెలలు పన్నెండు కలిపినా 360 రోజులే కదా, ఏడాదికి ఐదు రోజులు తేడా.

8,760ని 12తో భాగిస్తే నెలకి 730 గంటలు. ఇదే సగటుగా వాడాలా? కానీ ఫిబ్రవరికి 672, జనవరికి 744 ఉంటాయి, మొదలైన తేదీ తెలియనప్పుడు ఏది కరెక్ట్ అంటారు? ఎక్సెల్‌లో గంటలు ఇస్తే సంవత్సరాలు, నెలలు, రోజులు మూడూ విడివిడిగా చూపించే ఫార్ములా ఉంటే అది కూడా చెప్పండి, డేటెడిఫ్ అనే ఎక్సెల్ ఫంక్షన్ అయితే రెండు తేదీలు అడుగుతోంది, నా దగ్గర ఒక్కటీ లేదు.