ఇంటివారి వ్యతిరేకతను విశ్వాసంతో ఎలా ఎదుర్కోవాలి?

సహోదరీ సహోదరులకు వందనములు. నేను బాప్తిస్మం తీసుకున్నప్పటి నుండి మా అన్నయ్య నాతో మాట్లాడటం మానేశారు; ఆదివారం ఆరాధనకు బయలుదేరే వేళకు నా బండి తాళంచెవి కనిపించదు, అమ్మ ఏమీ అనలేక వంటింట్లోకి వెళ్లిపోతుంది. సంఘంలో కొందరు పెద్దలు ఇది సాతాను పోరాటమని, ఉపవాస ప్రార్థన చేయమని చెబుతున్నారు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6:12 ప్రకారం మన పోరాటం మనుషులతో కాదని నేనూ నమ్ముతున్నాను గానీ, నన్ను చదివించిన అన్నయ్యను శత్రువుగా ఎంచే ప్రార్థన నా నోట రావడం లేదు, రాకూడదనే అనుకుంటున్నాను. బైబిల్లో నెహెమ్యా నాయకత్వంలో యూదులు యెరూషలేము ప్రాకారాన్ని తిరిగి కడుతున్న కాలంలో సన్బల్లటు, టోబీయా అనే విరోధులు ఎగతాళి చేసి దాడికి కుట్ర పన్నినప్పుడు ప్రజలు ప్రార్థన చేస్తూనే రాత్రింబగళ్లు కావలి ఉంచారు, ఆ ప్రాకారం 52 దినాలలో పూర్తయింది. అయితే ఆ విరోధులు బయటివారు. నన్ను వ్యతిరేకిస్తున్నది నా సొంతవారు. శక్యమైతే అందరితో సమాధానంగా ఉండమనే రోమా 12:18ని ఇలాంటి ఇంట్లో ఎలా ఆచరించాలి? పండుగ రోజుల్లో పూజలో పాల్గొనకుండానే అమ్మ మనసు నొప్పించకుండా ఎలా మెలగాలి? ఇటువంటి పరిస్థితిని దాటివచ్చినవారు తాము ఏమని ప్రార్థించారో, ఇంటివారితో తిరిగి మాట ఎలా కలిపారో దయచేసి వివరంగా తెలియజేయగలరు.