‘లక్కీ భాస్కర్’లో బీఆర్‌ల లెక్క: పాతకాలం బ్యాంకు వాళ్లు ఎవరైనా చెబుతారా?

2024లో వచ్చిన ‘లక్కీ భాస్కర్’ సినిమాలో బ్యాంక్ రిసీట్ల (బీఆర్‌ల) వ్యవహారం మీద ఒక సందేహం. 1992లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడక ముందు బొంబాయిలో సెక్యూరిటీస్ సెక్షన్ (బ్యాంకులో బాండ్ల లావాదేవీల విభాగం) చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పద్ధతి తెలుసు. ఒక బ్యాంకు ప్రభుత్వ బాండ్లను ఇంకో బ్యాంకుకి అమ్మి, కొన్ని రోజులకి కాస్త ఎక్కువ ధరకి తిరిగి కొంటుంది. పేరుకి అమ్మకం, నిజానికి తాకట్టు అప్పు. ధరల తేడాయే వడ్డీ. అప్పట్లో అమ్మిన బ్యాంకు బాండ్ల బదులు బీఆర్ రాసిచ్చేది, బాండ్లు అందాక అది వెనక్కి వచ్చి రద్దవ్వాలి. చెక్కు బ్యాంకు పేరు మీదే ఉన్నా డబ్బు మధ్యవర్తి అయిన బ్రోకర్ ఖాతాకి జమ చేసే అలవాటు ఉండబట్టే అది షేర్లలోకి పారింది. వెనక బాండ్లే లేని బీఆర్‌లు కూడా వచ్చాయి (బ్యాంక్ ఆఫ్ కరాడ్ అనే చిన్న బ్యాంకు పేరు బయటపడింది అలాగే). ఇంతవరకు సినిమాతో పేచీ లేదు.

తెగనిది పుస్తకాల దగ్గర. బీఆర్ ఇచ్చిన బ్యాంకులో సాయంత్రానికి బాండ్ల నిల్వ తగ్గినట్టు రాయాలి కదా, అసలు లేని బాండుని ఎందులోంచి తగ్గిస్తారు? ఎంట్రీ వేయకుండా వదిలేస్తే బీఆర్ పుస్తకం వరస నంబర్లతో దొరికిపోదా? బీఆర్ మీద సంతకాలు ఒకరివా, ఇద్దరివా? ఇద్దరివైతే ఒక్క మనిషి దురాశతో పని జరగదు, రెండో సంతకం వాడికీ వాటా వెళ్లాలి.

రిజర్వ్ బ్యాంకు పీడీఓలో (ప్రభుత్వ బాండ్ల లెక్కలు చూసే కార్యాలయంలో) నమోదయ్యే ఎస్‌జీఎల్ ఫారాల (బాండ్ల బదిలీ పత్రాల) గురించి కాదు, కేవలం బీఆర్‌ల గురించే అడుగుతున్నాను.