చక్కెరలతో స్మార్ట్ మెటీరియల్స్: నాచు నుంచి తీసుకోవాలా, ల్యాబ్‌లో కూర్చాలా?

తరమణి_కుర్రాడు: చెన్నైలో పీహెచ్‌డీ మొదలుపెట్టాను. వాటంతటవే అమరి జెల్ అయ్యే కార్బోహైడ్రేట్ల మీద పని. మా ల్యాబ్‌లో రెండు పార్టీలు. నాచు నుంచి తీసిన ఆల్జినేట్ అనే చక్కెర గొలుసు చాలంటుంది ఒకటి. ఒక్కో చక్కెరను కోరిన వరుసలో అతికిస్తేనే డిజైన్ అంటుంది రెండోది. మీరేమంటారు?

అడయార్_జెల్: నా ఓటు నాచుకే తమ్ముడూ. మండపం తీరంలో సర్గాసమ్ అనే గోధుమ నాచు దొరుకుతుంది, ఆల్జినేట్ చవక. కాల్షియం క్లోరైడ్ నీళ్లలో ఆల్జినేట్ చుక్క వేసి చూడు, పడీపడగానే పూసవుతుంది. ఆల్జినేట్‌లో ఉండే రెండు చక్కెరల్లో ఒకటైన గులురోనిక్ ఆమ్లం గొలుసుల మధ్య కాల్షియం అయాన్లు ట్రేలో గుడ్లలా కూర్చుంటాయి. ఇంకేం కావాలి?

వేళచ్చేరి_శైలజ: నిలకడ కావాలండీ. నాచు జాతి మారినా, కోసిన కాలం మారినా ఆ రెండు చక్కెరల (మాన్యురోనిక్, గులురోనిక్ ఆమ్లాల) పాళ్లు మారతాయి. నిరుడు కుదిరిన జెల్ కొత్త డబ్బాతో కుదరదు. దాన్ని డిజైన్ అనను. చక్కెరల్లో ఎంత అవకాశముందో చూడండి: రెండు గ్లూకోజ్‌లను 11 రకాలుగా కలపొచ్చు. ఒకే అమైనో ఆమ్లం రెండు కలిపితే మామూలుగా వచ్చేది ఒక్క రకం జతే (డైపెప్టైడ్). 2023లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ బృందం ప్రకృతిలో లేని చక్కెర గొలుసును కట్టి, నీళ్లలో హెయిర్‌పిన్‌లా మడిచి నిలబెట్టింది.

అడయార్_జెల్: ఆ 11 రకాలే కదా మేడమ్ తలనొప్పి! చక్కెరలో అతుకు పడగల చోట్లు (హైడ్రాక్సిల్ గుంపులు) చాలా ఉంటాయి; కావలసిన ఒక్కటి తప్ప మిగతావన్నీ మూయాలి, మళ్లీ తెరవాలి. మెషీన్ పెట్టినా చేతికొచ్చేది మిల్లీగ్రాములు. దాంతో గాయానికి కట్టు కట్టగలమా?

గిండీ_ఫిల్మ్: మధ్యలో వస్తున్నా. దూదిని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తే సెల్యులోజ్ నానోక్రిస్టల్స్ (అతి చిన్న పుల్లల్లాంటి స్ఫటికాలు) వస్తాయి. నీళ్లలో మెలిక తిరిగి అమరతాయి, ఆరితే రంగు వేయకుండానే రంగు. తేమ తగిలితే ఎరుపు వైపు జరుగుతుంది. చెన్నై గాలికి ఇంతకన్నా మంచి సెన్సర్ ఏముంది? 1992లోనే ఈ అమరిక గురించి రాశారు. ఒక్కో చక్కెరా అతికించలేదు, మీ నాచూ అక్కర్లేదు.

వేళచ్చేరి_శైలజ: బాగుంది, కానీ ఎందుకలా మెలి తిరుగుతుందో తెలియాలంటే కచ్చితమైన చిన్న గొలుసులు చేతిలో ఉండాలి. గాయం కట్టుకు నాచు, ప్రశ్నకు సింథసిస్ (ల్యాబ్‌లో కూర్చడం). తమ్ముడు ఏది చదవాలనుకుంటున్నాడో ముందు చెప్పాలి.

తరమణి_కుర్రాడు: మేడమ్, ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా చిన్న డౌట్: ఆల్జినేట్ పూసలు ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో) కరిగిపోతున్నాయి.

అడయార్_జెల్: కాల్షియాన్ని ఫాస్ఫేట్ లాగేసుకుంటోంది, బఫర్ మార్చు. అయినా అది లోపం కాదు, స్విచ్. పూసలో జీవకణాలు పెట్టి, తర్వాత కాల్షియాన్ని లాగేసే సిట్రేట్ పోస్తే, అవి బతికే బయటికొస్తాయి.