సోయా పంట మార్పిడులను దేని ఆధారంగా పోల్చాలి?

ప్రశ్న:
సోయాచిక్కుడు తరువాత గోధుమ, సోయా తరువాత శనగ, ఒక ఏడాది సోయా మరుసటి ఏడాది మొక్కజొన్న అనే మూడు పంట మార్పిడులను పోల్చి చూస్తున్నాను. పంటలు వేర్వేరు కాబట్టి అన్ని దిగుబడులనూ ధరల ప్రకారం సోయా సమాన దిగుబడిగా మార్చి లెక్క కట్టాను. అందులో సోయా–శనగ ముందుంది. రెండూ పప్పుజాతి పంటలే గనుక నేలకు కూడా అదే మేలని అనుకోవచ్చునా?

మొదటి జవాబు:
అలా అనుకోకండి. వేరుబుడిపెల్లోని బ్రాడీరైజోబియం బ్యాక్టీరియా సోయాకు గాలిలోని నత్రజనిని అందిస్తుంది కాని, పైరుకు కావలసిన మొత్తంలో సాధారణంగా సగం నుంచి 60 శాతం వరకే అలా సమకూరుతుంది. మిగిలినది నేల ఇవ్వవలసిందే. గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు ఉన్నందున, టన్ను గింజతో పాటు 55 నుంచి 60 కిలోల నత్రజని పొలం దాటిపోతుంది. కోత తరువాత నేలలో మిగిలేది స్వల్పం, ఒక్కోసారి లోటే. అయినా మొక్కజొన్న మీద మళ్ళీ మొక్కజొన్న వేసినప్పటి కంటే, సోయా తరువాతి మొక్కజొన్నకు నత్రజని ఎరువు తక్కువ సరిపోతుంది. ఎందుకంటే సోయా ఆకులు, వేర్లు త్వరగా కుళ్ళిపోతాయి. మొక్కజొన్న చొప్ప మాత్రం కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని కొంతకాలం పట్టి ఉంచుతుంది.

రెండవ జవాబు:
త్వరగా కుళ్ళే గుణానికి మరో వైపు కూడా ఉంది. సోయా వదిలే వ్యర్థాలే తక్కువ, అవి నేలపై ఎక్కువ కాలం నిలవవు కూడా. అందుచేత వానకు మట్టి కొట్టుకుపోతుంది, ఏళ్ళ తరబడి సేంద్రియ కర్బనం తగ్గుతుంది. గోధుమ గడ్డిని, మొక్కజొన్న చొప్పను కాల్చకుండా పొలంలోనే ఉంచినప్పుడు ఈ లోటు చాలావరకు తీరుతుంది. శనగతో ఆ పని జరగదు. పైగా మాక్రోఫోమినా శిలీంధ్రం సోయాను, శనగను రెండింటినీ కుళ్ళబెడుతుంది. సోయా వేర్లను పీడించే తిత్తి నులిపురుగుకు (నేలలో ఉండే సూక్ష్మమైన పురుగు) గోధుమ, మొక్కజొన్న ఆశ్రయం ఇవ్వవు. సోయాకు వాడే రైజోబియం కల్చర్ (విత్తనానికి పట్టించే, నత్రజనిని అందించే బ్యాక్టీరియా) శనగకు పనికిరాదన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఒక ఏడాది సోయా–గోధుమ, మరుసటి ఏడాది సోయా–శనగ వేస్తే?

మొదటి జవాబు ఇచ్చినవారు:
నీరు చాలితే మంచి క్రమమే, ఎందుకంటే గోధుమకు శనగ కంటే ఎక్కువ తడులు కావాలి. అయితే సోయా ఏటా వస్తూనే ఉంటుంది కనుక, నులిపురుగు ఉన్న పొలంలో మొక్కజొన్నతో ఏడాది విరామం ఇవ్వడమే నయం. ఈసారి ఒక్క ఏడాదిని కాక పూర్తి చక్రాన్ని లెక్కించి, ప్రతి పంటకూ పొలం దాటిన నత్రజనిని, మిగిలిన గడ్డి బరువును పక్కనే రాసి చూడండి.