మొదటి బండిగా 350 సీసీ తీసుకోవచ్చా? నాన్న స్ప్లెండర్ అంటున్నారు

నరసరావుపేట_కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, నెల రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. నా వయసు 23, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, బరువు 58 కిలోలు. మావయ్య బండి మీద 8 వేసి గేర్ల లైసెన్స్ తెచ్చుకున్నా గానీ, రోజూ నడిపింది స్కూటీయే. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. హాస్టల్ అమీర్‌పేటలో, ఆఫీసు మాదాపూర్‌లో. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొనాలని ఇంటర్ నుంచీ కోరిక. పైగా 2025 సెప్టెంబర్‌లో 350 సీసీ లోపు బళ్లకి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గించారు. నాన్నేమో ఊళ్లో ఎవరిదో 2015 స్ప్లెండర్ అమ్మకానికి ఉంది, ఏడాది దాని మీద తిరుగు, తర్వాత నీ ఇష్టం అంటున్నారు. ఎవరి మాట కరెక్టు?

పాతబండి_బాబాయ్:
మీ నాన్నగారి మాటే. సీసీ చూసి భయపెట్టడం లేదు తమ్ముడూ. క్లాసిక్ ఇరవై హార్స్‌పవర్ బండి, నిదానస్తురాలు, ఎగిరి దూకే రకం కాదు. చిక్కంతా బరువుతోనే. స్ప్లెండర్ 112 కిలోలుంటే క్లాసిక్ 195. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు ఎక్కించినా ఇంకా మిగులుతుంది. కదులుతున్నంతసేపూ ఆ బరువు తెలియదు, నిజానికి హాయిగా ఉంటుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఎత్తు మీద ఆగి, హాఫ్ క్లచ్ కుదరక బండి ఆఫ్ అయిపోయి, ఎడమకాలు గుంటలో పడ్డప్పుడు తెలుస్తుంది. ఒక్కసారి పక్కకి వంగిందంటే 58 కిలోల మనిషి ఆపలేడు.

నేను 350తోనే మొదలెట్టా. మొదటి నెలలో మూడుసార్లు పడేశా. మూడుసార్లూ బండి ఆగి ఉండగానే! ఒకసారి మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద పడేస్తే వాచ్‌మనూ, పాలబ్బాయీ కలిసి లేపారు. ఆ వాచ్‌మన్ ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతాడు.

ఎర్రబస్సు:
మావయ్య బండి మీద 8 వేయడం, బయటికొచ్చి బుల్లెట్ కొనడం! మన లైసెన్స్‌కి సీసీ పట్టింపు లేదు కాబట్టి సరిపోయింది.

రెండుచక్రాలు:
బాబాయ్ గారూ, బరువు మాట ఒప్పుకుంటా, స్ప్లెండర్ మాట మాత్రం ఒప్పుకోను. 2015 బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగిసిపోకుండా చూసేది) కాదు కదా, సీబీఎస్ (ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకీ పడేది) కూడా ఉండదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి. కుక్క అడ్డం వస్తే కొత్తవాడు ఏం చేస్తాడు? ఉన్న బలమంతా పెట్టి బ్రేకు పిండుతాడు. వాన పడ్డ రోడ్డు మీద, ఇసుక మీద చక్రం బిగిసిపోతే బండి జారినట్టే. సెల్లార్‌లో పడితే అద్దం, క్లచ్ లివర్ పోతాయి. రోడ్డు మీద జారితే పోయేది లివర్ కాదు. అనుభవం ఉన్నవాడికి అక్కర్లేదేమో గానీ నేర్చుకునేవాడికే ఏబీఎస్ కావాలి. నన్నడిగితే అపాచీ 160 లాంటిది తీసుకో. 145 కిలోల దగ్గర ఉంటుంది.

పాతబండి_బాబాయ్:
ఏబీఎస్ సంగతి నిజమే, నాకు తట్టలేదు. కానీ కొత్త బండి మీద ఒక్క గీత పడ్డా ప్రాణం ఉసూరుమంటుంది. ఎక్కడ పడేస్తానో అని బిగుసుకుని నడిపేవాడికి చేయి తిరగదు. పాత స్ప్లెండర్ పడితే దులుపుకుని లేస్తాం. ఏడాది వాడి అమ్మినా పెద్దగా నష్టం ఉండదు.

ఎర్రబస్సు:
ఈసారి సీరియస్‌గానే చెప్తున్నా. అది ఏపీ నంబర్ బండి. తెలంగాణలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. "ఏడాది తిరుగు" అన్నారు కాబట్టి మీ నాన్నగారి లెక్క సరిగ్గా సరిపోయింది.

పొట్టిరైడర్:
తమ్ముడూ, వీళ్లంతా ఆరడుగుల వాళ్లలా మాట్లాడుతున్నారు. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, అయిదేళ్లుగా గేర్ల బండే నడుపుతున్నా. కాగితం మీద సీటు ఎత్తు చూసి మోసపోకు. స్ప్లెండర్‌ది 785 మిల్లీమీటర్లు, క్లాసిక్‌ది 805. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు ఎడం చేయాలి, అప్పుడు మునివేళ్లే నేలకి ఆనతాయి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వాటితోనే షోరూంకి వెళ్లు. ఎక్కి ఫొటో దిగి వచ్చేయకు. కిందికి దిగి, స్టాండ్ తీసి, బండిని వెనక్కి తోసి చూడు. అమీర్‌పేట హాస్టల్ సందుల్లో నీ బండి తీయాలంటే ముందు పక్కవాళ్లవి నాలుగు జరపాలి. రోజూ పొద్దున్నే ఉండే పని అదే. హైవే మీద తిరిగేది ఏడాదికి ఎన్నిసార్లు? ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి మన బళ్లని ఎలాగూ రానివ్వరు.

నరసరావుపేట_కుర్రాడు:
నిన్న వెళ్లొచ్చా. రోడ్డెక్కాక క్లాసిక్ ఎంత బాగుందో చెప్పలేను. ఆ దడదడ శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది. తిరిగొచ్చాక, అక్క చెప్పినట్టే దిగి వెనక్కి తోశా. షోరూం ముందు కొంచెం ఏటవాలుగా ఉంది. బండి జానెడు కూడా కదల్లేదు. సేల్స్ అబ్బాయి ఏమీ అనకుండా వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. సిగ్గేసింది.

సరే, స్ప్లెండరే ఖాయం చేయమందామని రాత్రి నాన్నకి ఫోన్ చేశా. దాన్ని పక్క వీధి ఆయన పొలం పనికి కొనేసుకున్నారట! ఇప్పుడు 160 చూస్తున్నా. ముందు చక్రానికే ఉండే సింగిల్ చానల్ ఏబీఎస్ చాలా, రెండింటికీ ఉండే డ్యూయల్ కావాలా?

ఎర్రబస్సు:
దానికి వేరే థ్రెడ్ పెట్టు బ్రో. ఇక్కడ మొదలెడితే సంక్రాంతికి కూడా తేలదు.